పెళ్లి ఆల్బంలో శని

సబ్బవరం దాటిన కాసేపటికి బస్సు వెనక టైరులో గాలి పోయింది. స్టెపినీ ఉంది, జాకీ లేదు. వెనక వచ్చే బస్సుని ఆపి జాకీ అడుగుదామని డ్రైవరు రోడ్డు మధ్యకి వెళ్లి నిలబడ్డాడు. మేమందరం దిగి గట్టు మీద చేరాం. అప్పుడే పొద్దుగూకింది. నా తిరుగుళ్లలో సగం ఇలా ఆగిపోయిన బస్సుల పక్కనే గడిచాయి. దానికి నాకు పెద్ద విచారం లేదు. నడిచే బస్సులో జనం ఫోన్లు చూసుకుంటారు, ఆగిన బస్సు దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఆ చూడ్డంలోనే ఆ మనిషి కనిపించాడు. నలభై దాటి ఉంటాయి. పాత బొంత కత్తిరించి కుట్టిన పొడుగాటి సంచిలోంచి మోచెయ్యంత లెన్సు తీశాడు. మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, కెమెరా బిగించి, దాని మూతి దాదాపు నడినెత్తికి తిప్పాడు. స్క్రీను చూడాలంటే తాను దాని కిందకి దూరాలి. దూరాడు. రోడ్డు అంచున గొంతుక్కూర్చుని మెడ వెనక్కి విరిచాడు.

"ఏటి బావా, పిట్టలా?" అన్నాడు కండక్టరు.

"కాదు."

"సీకటి పడితే పిట్టలెక్కడుంటాయి, డ్రోను ఎగరేత్తన్నాడు," అంది బుట్ట పక్కన కూర్చున్న ఒకావిడ.

"డ్రోను కాదమ్మా."

తలకి తువ్వాలు చుట్టుకున్న ఒక ముసలాయన అందరికంటే భయంగా అడిగాడు. "రోడ్డు యెడల్పు సేత్తన్నారా బాబూ? మొన్న గూడా ఇలాటి మూడు కాళ్ల మిసనే తెచ్చి సూసీసి ఎల్లిపోనారు. మా కల్లం పోద్దేటి?"

"తాతా, రోడ్డు కిందుంటాది. నాను పైకి సూత్తన్నాను."

"ఇప్పుడు పైనుంచి గూడా కొలుత్తారంట గదా!"

అందరూ నవ్వారు. ఆ మనిషి నవ్వలేదు. బటన్ నొక్కబోతుండగా పరవాడ వైపునుంచి ఒక టిప్పరు దూసుకొచ్చింది. రోడ్డు అదిరింది, స్టాండు అదిరింది, దుమ్ము లేచి లెన్సు మీద పడింది. "ఒక్క నిమిసం ఆగలేవేట్రా!" అని వెళ్లిపోయిన టిప్పరుని తిట్టాడు. ఎర్రలైటు దూరమయ్యేదాకా తిడుతూనే ఉన్నాడు.

నేను దగ్గరకెళ్లి, "గురువేనా?" అన్నాను. ఈ ఫాల్గుణంలో, ఈ వేళప్పుడు, నడినెత్తిన మినుకుమనకుండా అంత తెల్లగా వెలిగేది మరొకటి లేదు.

అతను కెమెరా కిందనుంచి తల బయటికి పెట్టి నా మొహంలోకి చాలాసేపు చూశాడు. "సార్, ఈ లెన్సు కొన్నాక పిట్టలా అని అడగని మొదటి మనిషి మీరే," అన్నాడు. ఆ మాట మెచ్చుకోలులా లేదు, ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చారు అన్నట్టుంది.

జాకీ దొరికింది. బస్సు కదిలాక నా పక్కనే కూర్చున్నాడు. లెన్సుని ఒళ్లో పడుకోబెట్టుకుని, గాజువాక చేరేలోగా తన కథంతా చెప్పాడు.

పేరు కన్నబాబు. పద్మనాభం అవతల వరి పండించుకునే ఇల్లు. ఇంటర్ తప్పాక రోజూ బస్సెక్కి గాజువాక వచ్చి పెదనాన్న కొడుకు స్టూడియోలో చేరాడు. అక్కడ అతని పని లైటు పట్టడం. పాతకాలపు పెళ్లి వీడియోల్లో ఆ లైటు ఎంత వేడిగా ఉండేదో నా ఈడు వాళ్లకి తెలుసు. "తలంబ్రాలప్పుడు పెళ్లికొడుక్కి సెమట పడితే తుడవడానికి మనుసులుంటారు. లైటు పట్టినోడికి ఎవడుంటాడు సార్?" అన్నాడు. తర్వాత కెమెరా చేతికొచ్చింది, ఆ తర్వాత సొంత స్టూడియో. పెళ్లికి ముందే సముద్రం ఒడ్డున జంటని నడిపించి ఫొటోలు తీసే మోజు మొదలయ్యాక ఈ పొడుగు లెన్సు కొన్నాడు. దూరంనుంచి తీస్తే వెనకున్న కొండా కెరటమూ జంట భుజాల మీదకొచ్చినట్టు పడతాయట.

ఒక సాయంత్రం భీమిలి దగ్గర అలాంటి జంట ఒకటి ఫొటోల మధ్యలో పోట్లాడుకుంది. ఆ అమ్మాయి ఇసకలో ఒక పక్కకి, అబ్బాయి ఒక పక్కకి వెళ్లిపోయారు. కన్నబాబుకి ఏం చెయ్యాలో తోచక, ఆకాశంలో బాగా వెలుగుతున్న చుక్క మీదకి లెన్సు తిప్పి తీశాడు. పెద్దది చేసి చూస్తే చిన్న తెల్లటి బంతి, దానికి రెండు పక్కలా ఒకే గీత మీద నాలుగు చుక్కలు.

"ఉప్పనుకున్నాను సార్," అన్నాడు. "సముద్రపు గాలికి లెన్సు మీద ఉప్పు పట్టేసిందనుకున్నాను. సొక్కా అంచుతో తుడిసి మళ్లీ తీసాను. ఉంది. ఇంటికెళ్లి లెన్సుకి మందేసి తుడిసి, మర్నాడు మేడ మీద తీసాను. ఉంది. కాపోతే సోట్లు మారిపోనాయి. ఇటు రెండు అటు రెండు ఉండీవి, ఒకేపు మూడు అయిపోనాయి. ఆ మర్నాడు మూడే ఉన్నాయి. తుడిసినప్పుడల్లా ఉప్పు వరసలో నిలబడతాదేటి సార్?"

అలా నాలుగైదు సాయంత్రాలపాటు కన్నబాబు గురుగ్రహపు చందమామల్ని చొక్కా అంచుతో తుడిచాడు.

నాలుగు వందల ఏళ్ల కిందట ఇటలీలో ఒకాయన చేత్తో గొట్టం తయారుచేసుకుని ఇవే నాలుగు చుక్కలు చూశాడు. ఆయన కూడా మొదట వాటిని దారినపోయే నక్షత్రాలనుకున్నాడు. అవి గురువుని వదిలిపోవడం లేదని తెలుసుకోవడానికి ఆయనకీ కొన్ని రాత్రులు పట్టింది. ఆయన ఊళ్లో వాళ్లు ఆయన్ని ఏమడిగారో ఎవరూ రాసిపెట్టలేదు. పిట్టలా అనే అడిగి ఉంటారు.

ఆ రోజునుంచి కన్నబాబుకి పిచ్చి పట్టింది. పిచ్చికి తగ్గ శిక్ష కూడా అతని వృత్తిలోనే ఉంది. ఆకాశం శుభ్రంగా ఉండి గురువు వెలిగిపోతున్న మాఘఫాల్గుణాల్లో పెళ్లిళ్లుంటాయి, ఊపిరాడదు. గురువు సూర్యుడి పక్కకి చేరితే మౌఢ్యం అంటారు, ముహూర్తాలుండవు. చేతి నిండా తీరికే, కానీ తీయడానికి గురువు కనపడడు. ఆషాఢ భాద్రపదాల్లో పెళ్లిళ్లు లేవు, మబ్బు తప్ప ఆకాశమూ లేదు. "నా సెలవులు ఆ గురుడే రాత్తాడు సార్, ఆడు లేనప్పుడు మాత్రమే ఇత్తాడు," అన్నాడు.

భార్య నాగశ్రీకి ఓపిక అయిపోయింది. గురుగ్రహం మీద ఎర్రమచ్చ ఉంటుందట, దాన్ని పట్టుకోవాలని ఇతని తాపత్రయం. "పెళ్లాం కొత్త సీర కడితే కనపడదు గానీ, అక్కడెక్కడో గురుడి మొకమ్మీద మచ్చ కావాలి ఈ మనిసికి," అందట చుట్టాలందరి ముందూ.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. అసలు గొడవ మొన్న కార్తీకంలో జరిగిన పెళ్లితో మొదలైంది.

మన పెళ్లిళ్లలో మూడు ముళ్లూ పడ్డాక వధూవరులకి అరుంధతిని చూపిస్తారు. పూర్వం ఆరుబయట చూపించేవారు. ఇప్పుడు పట్టపగలు ఏసీ హాల్లో చూపిస్తున్నారు. పురోహితుడు పైకి చెయ్యి ఎత్తుతాడు, పెళ్లికొడుకు సీలింగులోని బల్బు వైపు వేలు చూపిస్తాడు, పెళ్లికూతురు కనిపించిందని తలూపుతుంది. ఫొటోగ్రాఫరు ఆ వేలుని జాగ్రత్తగా తీసి, తర్వాత ఆల్బంలో సీలింగు చెరిపేసి, నల్లటి ఆకాశం పరిచి, వేలి చివర ఇంటర్నెట్‌లోంచి దింపిన అయిదు కోణాల నక్షత్రం ఒకటి అంటిస్తాడు. కన్నబాబు కూడా ఏళ్ల తరబడి అంటించాడు. నిజమైన ఆకాశాన్ని తీయడం వచ్చాక ఆ అయిదు కోణాల బొమ్మ చూస్తే అతనికి ఒళ్లు మండేది.

ఆ పెళ్లికూతురు శ్రీసత్య. గోదావరి జిల్లానుంచి ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఉక్కునగరం క్వార్టర్లలో స్థిరపడిన కుటుంబం. ఆ పిల్ల ఆల్బం కూర్చేటప్పుడు కన్నబాబు ఆ బొమ్మ తీసేసి, వేలి చివర తన సొంత ఫొటో పెట్టాడు. తను తీసిన అన్నిటిలోకీ అందమైనది. మూడేళ్ల కిందట ఎంతో కష్టపడి తీసింది. లేత పసుపు రంగు, చుట్టూ వలయం.

"కన్నబాబూ," అన్నాను, "అది శని."

"అదే సార్, అందరూ అదే అంటారు. తీసినోడికి ఆడు శని కాదు, బెస్టు ఫొటో. సుట్టూ ఉంగరం ఉంది, పెళ్లికి ఉంగరం బాగుంటాది గదా అనుకున్నాను. పేరు గుర్తొత్తే పెడతానేటి?"

ఆల్బం ఇంటికి వచ్చిన రోజున శ్రీసత్య నాయనమ్మ ఆదిలక్ష్మమ్మ ఆ పేజీ దగ్గరే ఆగి, "ఎంత బాగుందర్రా!" అని మురిసిపోయిందట. పక్క క్వార్టరులో ఉండే శ్రీరామ్మూర్తిగారిని పిలిచి మరీ చూపించింది. ఆయన ప్లాంటు స్టోర్సులో పనిచేసి రిటైరయ్యారు, పంచాంగం తిరగేస్తారు. ఆయన కళ్లజోడు సవరించుకుని, "ఇది శనేశ్వరుడండీ ఆదిలక్ష్మమ్మగారూ," అన్నారు.

ఆ సాయంత్రానికి కాలనీ అంతా తెలిసింది. మర్నాటికి కన్నబాబు పేరు మారిపోయింది. మార్నింగ్ వాక్‌లో, పాలబూత్ దగ్గర, క్వార్టర్ల వాట్సాప్ గ్రూపులో అతను శని కన్నబాబు. ఒప్పుకున్న రెండు పెళ్లిళ్లు వేరేవాళ్లకి వెళ్లిపోయాయి. మంగళసూత్రం ఫొటో తీసేవాడి పేరు ముందు ఆ మాట ఉంటే ఎవరు పిలుస్తారు?

కాళ్లావేళ్లా పడ్డాక ఆదిలక్ష్మమ్మ ఒక దారి చూపించింది. శనిని తీసేసి గురువుని పెట్టాలి. పెళ్లికి కావలసింది గురుబలం కాబట్టి. గురువు పరివారంతో సహా, నాలుగు చందమామలూ ఉండాలి. అదీ ఇంటర్నెట్‌లోంచి దింపింది కాదు, తన కళ్ల ముందు తీసింది. అలా చేస్తే ఎవరు అతని పేరు చెడగొట్టారో వాళ్లే బాగుచేస్తారని మాటిచ్చింది. ఆదివారం వియ్యాలవారు ఆల్బం చూడ్డానికి వస్తున్నారు. రేపు పొద్దున్నే పేజీ ప్రింటుకి వెళ్లాలి. నాలుగు సాయంత్రాలుగా మబ్బు. మిగిలింది ఇవాళే. సబ్బవరంలో ఓణీల ఫంక్షన్ తీసి వస్తున్నవాడు, ఇవాళ కూడా మబ్బు పట్టేలోగా ముందే ఒకటి తీసి పెట్టుకుందామని రోడ్డు మీద స్టాండు వేశాడు.

"మీరూ రండి సార్," అన్నాడు గాజువాకలో దిగుతూ. "తెల్లగెడ్డం ఉంది. మీరు గురువంటే ఆ ముసలమ్మ నమ్ముద్ది." నాకు వెళ్లాల్సిన చోటు ఒకటుంది, కానీ అక్కడ నాకోసం ఎదురుచూసేవాళ్లెవరూ లేరు. వెళ్లాను.

క్వార్టరు మేడ మీద వాటర్ ట్యాంకుల మధ్య కుర్చీలు వేసి ఉన్నాయి. ఆదిలక్ష్మమ్మకి మోకాళ్ల నొప్పి, అయినా మెట్లెక్కి వచ్చి కూర్చుంది. పక్కన న్యాయనిర్ణేతలా శ్రీరామ్మూర్తిగారు. భోజనాలింకా అవలేదు, కింద ఇళ్లలోంచి పోపు వాసన వస్తోంది.

"ఏవయ్యా, ఈయనెవరు? సాక్ష్యానికి తెచ్చుకున్నావా?" అంది ఆవిడ నన్ను చూసి.

"పెద్దాయనండి. గురువుని గుర్తుపట్టేసినారు."

"గుర్తుపట్టడానికేం, నేను నీ శనిని గుర్తుపట్టలేదా!"

"పట్టలేదండి, నేను చెప్పాను," అన్నారు శ్రీరామ్మూర్తిగారు.

కన్నబాబు స్టాండు కాళ్లు పొట్టి చేసి, కింద చాప పరిచి, వెల్లకిలా పడుకున్నాడు. గురువు నడినెత్తిన ఉన్నాడు. మొదటి ఫొటో తీశాడు. గురువు చక్కగా, చారలతో సహా పడ్డాడు. చందమామలు లేవు.

"ఏవీ?" అంది ఆవిడ.

"ఉన్నాయండి. గురుడు బాగా వెలుగు, అయి మసక. ఆడి మొకం కనపడేలాగ తీత్తే అయి కనపడవు. అయి కనపడేలాగ తీత్తే ఆడు తెల్ల బంతయిపోతాడు. రెండు తీసి కలిపీయొచ్చు."

"కలపడానికి వీల్లేదు. కలిపే కదా నువ్వు ఆ పని చేశావు."

"అయితే తెల్ల బంతేనండి."

"తెల్ల బంతయితే తెల్ల బంతి. పరివారం కావాలి నాకు."

సెట్టింగు మార్చి తీయబోయాడు. హైవే మీది ఫంక్షన్ హాల్లోంచి రెండు తెల్లటి లైటు కిరణాలు ఆకాశంలోకి లేచి, ఈ చివరనుంచి ఆ చివరకి ఊడుస్తూ గురువు మీదనుంచి వెళ్లాయి. ఫొటో పాలు పోసినట్టు తెల్లబడింది. కిరణాలు వెళ్లేదాకా ఆగాడు. మళ్లీ వచ్చాయి.

"ఎవరిదయ్యా ఆ పెళ్లి?" అన్నాను.

"నాకు రావాల్సిందే సార్," అన్నాడు పడుకునే.

ఆ లైట్లు అటు తిరిగిన సందులో తీయబోతే, శ్రీరామ్మూర్తిగారు సాయం చేద్దామని ఫోన్ టార్చి వేసి కెమెరా మీద పట్టుకున్నారు. "అయ్యా, ఆర్పండయ్యా!" అని కన్నబాబు అరిచాడు. "నీకు బటన్ కనపడాలి కదా," అన్నారు ఆయన నొచ్చుకుని. ఆర్పారు. తీశాడు. స్క్రీను ఆవిడ మొహం దగ్గరకి తెచ్చాడు. తెల్లటి బంతి, ఒక పక్క రెండు చుక్కలు, ఇంకో పక్క ఒకటి.

ఆదిలక్ష్మమ్మ వేలు పెట్టి లెక్కపెట్టింది. "మూడే ఉన్నాయేంటి?"

"నాలుగోది గురుడి ఎనకాలకి ఎల్లిందండి. వొత్తాది. ఫోన్లో యాప్ సెప్తంది, ఇప్పుడే వొత్తాదని."

"ఇప్పుడే ఎందుకు వెళ్లాలి అది?"

"నానేటి పంపానేటండి!"

"నా మనవరాలి పెళ్లికే దొరికావయ్యా నువ్వు. ఒకసారి శనిని తెస్తావు, ఒకసారి మూడింటిని తెస్తావు." ఆవిడ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువుంది. నా వైపు తిరిగింది. "మీరే చెప్పండి బాబుగారూ. ఆ వియ్యపురాలు తినే కంచంలో రాయి వెతికే రకం. ఏ చిన్న వంక దొరికినా ఆ పిల్లని మాటంటుంది. జన్మంతా అంటుంది. మీ ఇంట్లో శనితో పంపించారు అంటుంది. ఇంత భయం నాకు. ఇతనికేమో ఉంగరం బాగుందట!"

ఇద్దరి బాధా నిజమే. పేరు పోయినవాడు ఒకడు కింద పడుకుని ఉన్నాడు, పేరు పోతుందని హడలిపోతున్న మనిషి కుర్చీలో కూర్చుని ఉంది. వీళ్లిద్దరి సంగతీ తెలియని ఆ నాలుగో చందమామ గురువు నీడలో తిరుగుతోంది.

కాచుకున్నాం. పడమటినుంచి ఒక మబ్బు ముక్క వచ్చింది. కన్నబాబు దాన్ని కూడా తిట్టాడు. మబ్బు జరిగింది. తీశాడు, మూడు. తీశాడు, మూడు. లైట్లు ఊడ్చుకుపోయాయి. మెడ పట్టేసిందేమో లేచి కూర్చుని, తలని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పుకుని మళ్లీ పడుకున్నాడు. తీశాడు.

ఈసారి స్క్రీను వైపే చూస్తూ ఉండిపోయాడు. నేను వంగి చూశాను. గురువుకి కొంచెం ఎడంగా, ఇందాక నల్లగా ఉన్న చోట, సన్నగా నాలుగో చుక్క. నీడలోంచి అప్పుడే వెలుగులోకి వచ్చింది.

"అమ్మా, సూడండి," అన్నాడు. గొంతులో చిరాకు లేదు. ఆ సాయంత్రం మొత్తం మీద చిరాకు లేకుండా అతను అన్న మాట అదొక్కటే.

ఆవిడ లెక్కపెట్టింది. రెండుసార్లు లెక్కపెట్టింది. శ్రీరామ్మూర్తిగారికి చూపించింది. ఆయన, "ఆఁ, బృహస్పతే. సపరివారంగా," అని తీర్పు చెప్పారు. ఆదిలక్ష్మమ్మ రెండు చేతులూ ఎత్తి ఆకాశానికి దండం పెట్టింది. మోకాళ్ల నొప్పి మరిచిపోయినట్టు కుర్చీ ముందుకి జరుపుకుంది.

"బంగారు తండ్రివి. రేప్పొద్దున్న నేనే పాలబూత్ దగ్గర నిలబడి అందరికీ చెబుతాను, కన్నబాబంటే గురుబలం ఉన్నవాడని. నిన్ను శని అన్నవాళ్ల నోరు నేను మూయిస్తాను." అని మళ్లీ స్క్రీను చూసింది. కాసేపు చూసింది. "కాకపోతే మరీ తెల్లగా, పిండిముద్దలా ఉందయ్యా. గురువుకి పసుపు కదా, కాస్త పసుపు రంగు వెయ్యి."

కన్నబాబు చాప మీద కూర్చున్నాడు.

"ఇంకోటి. ఆ మొదటిదాని చుట్టూ ఉంగరం ఉందే, అది మాత్రం భలేగా ఉండేది. పెళ్లికి ఎంత కళగా ఉందో! దాన్ని తీసి దీనికి పెట్టెయ్యి. ఉంగరం ఏం చేసింది పాపం, దానికి దోషం లేదుగా? ఏవండీ శ్రీరామ్మూర్తిగారూ?"

"ఉంగరానికి దోషం లేదండి. దోషం గ్రహానిదే," అన్నారు ఆయన.

"అదీ. గురువుకి ఉంగరం పెట్టు, పసుపు వెయ్యి, నాలుగు చుక్కలూ కాస్త పెద్దవి చెయ్యి. ఆ ఒక్క పని చేసేస్తే నీ పేరు సంగతి నాకు వదిలెయ్యి."

నేను కన్నబాబుని చూశాను. చాప మీద కూర్చుని ఉన్నాడు. అడిగినది అరగంట పని. ఇన్నాళ్లూ అయిదు కోణాల నక్షత్రాలు అంటించిన చెయ్యే అది. పేరు తిరిగొస్తుంది, పెళ్లిళ్లు తిరిగొస్తాయి. ఒప్పుకుంటాడనే అనుకున్నాను. ఒప్పుకో నాయనా అని చెబుదామని కూడా నోరు తెరిచాను.

అతను కెమెరా విప్పాడు. లెన్సు మూత పెట్టి, చొక్కా అంచుతో ఆ మూతని ఒకసారి తుడిచి, బొంత సంచిలో పెట్టాడు. స్టాండు కాళ్లలో రెండు ముడుచుకున్నాయి, మూడోది ఇరుక్కుపోయింది. దాన్ని మోకాలితో తొక్కాడు, లాగాడు, లాభం లేక ఆ కాలు చాచుకునే ఉండగా స్టాండుని భుజాన వేసుకున్నాడు.

"ఏవయ్యా, రాత్రికి చేసేస్తావా మరి?" అంది ఆదిలక్ష్మమ్మ.

మెట్ల గుమ్మంలో స్టాండు కాలు తగిలి టంగుమంది. అడుగులు దిగిపోయాయి.

"వస్తానని కూడా అనలేదు చూడండి!" అంది ఆవిడ నాతో, ఆశ్చర్యపోయి. "నేనేమన్నానని?"

నేను పిట్టగోడ దగ్గరకి వెళ్లి చూశాను. వీధిలైట్ల కింద కన్నబాబు గేటు వైపు నడుస్తున్నాడు. భుజం మీద సంచి, వెనక్కి పొడుచుకుని ఒక ఇనుప కాలు. ఫంక్షన్ హాలు లైట్లు మళ్లీ ఆకాశాన్ని ఊడుస్తున్నాయి. గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీదనుంచి లేచి, ఆ సంచినీ ఆ స్టాండునీ చూసి, చెయ్యి ఊపి ఏదో అడిగాడు. ఇంత దూరానికి మాట వినపడలేదు గానీ, ఏమడిగాడో నాకు తెలుసు.

కన్నబాబు ఆగలేదు.